కయాక్‌కు నాలుగో రంధ్రం

ట్రాన్స్‌మిటర్ ఊడి ఖల్ఫాన్ చేతిలోకి వచ్చింది.

గోటితో గీకాడంతే. రాజధాని నుంచి ప్రత్యేకంగా పంపిన జిగురు ఎండిన పెచ్చులా లేచిపోయింది. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. నాలుగింటికి నస్రా వస్తుంది.

ఖసబ్ రేవులో అందరికీ ఖల్ఫాన్ కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, బాగుచేసే మెకానిక్. పదకొండేళ్లుగా అతను తీర భద్రతా విభాగం ఏజెంటని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు నస్రా. రెండోవాడు కల్నల్ ముర్షిద్. ఆ రెండోవాడికి ఫోన్ చేశాడు.

"సార్, జిగురు పట్టలేదు."

"పట్టకపోవడమేంటి? ల్యాబ్‌లో నలభై కిలోలు వేలాడదీశాం."

"దేనికి అంటించి?"

"ఫైబర్‌కి."

"ఇది బకెట్ ప్లాస్టిక్ సార్. దీనికి ఏ జిగురూ పట్టదు."

"అయితే మేకులు కొట్టు."

"పడవకి మేకులా! మునిగిపోదూ?"

"అది నీ తలనొప్పి. నాకు సిగ్నల్ కావాలి. సిగ్నల్ లేకపోతే ఒక్క గస్తీ పడవ కూడా కదలదు. ఆ అమ్మాయిని నేను మొదట్నుంచీ నమ్మలేదు."

కల్నల్ ఫోన్ పెట్టేశాడు.

ఓడల్ని పేల్చే లెనార్ట్ ముఠా, ఓడకు అతుక్కుని పేలే రెండు అయస్కాంతపు మైన్లను కొండల మధ్య ఏదో సముద్రపు పాయలో దాచింది. అలాంటి పాయలు ఆ తీరంలో వందకు పైనే. పొద్దుగూకే వేళ గ్యాస్ ఓడ ఆ దారినే వెళ్తుంది. మైన్లు దానికి అంటించడానికి లెనార్ట్ ఇవాళ నస్రాను తోడు తీసుకెళ్తున్నాడు. టూరిస్టులకు కయాక్‌లు తిప్పే నస్రా, నల్ల కళ్లద్దాల నస్రా, నవ్వుతో ఎవరినైనా బుట్టలో వేసే నస్రా. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఎనిమిది నెలలుగా ఆమె ప్రతి మాటా ఖల్ఫాన్‌కు చేరవేస్తోంది. కానీ దాచిన చోటు చూసినవాళ్లను లెనార్ట్ ప్రాణాలతో వదలడు. సిగ్నల్ ఉంటేనే ఆమె తిరిగొస్తుంది.

ట్రాన్స్‌మిటర్‌ను గాలం కర్ర నిలబెట్టే స్టాండులో దాచారు. దాన్ని నస్రా కయాక్‌లో సీటు వెనక బిగించాలి. స్టాండంటే కర్రను మోస్తే చాలని ల్యాబ్‌వాళ్ల లెక్క. ఖసబ్‌లో కయాక్‌ను పిడి పట్టుకుని లాగే మనిషే లేడు. ఒడ్డుకు ఈడ్చాలన్నా, తాడు కట్టాలన్నా అందరి చెయ్యీ స్టాండు మీదికే పోతుంది. ఆరేళ్లుగా ఇక్కడున్న లెనార్ట్‌కూ అదే అలవాటు.

ఖల్ఫాన్ డ్రిల్లు తీశాడు. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. నెమ్మదిగా నాలుగు రంధ్రాలు వేశాడు. కయాక్ వెనక భాగం మూసి ఉంది, లోపల చెయ్యి పెట్టి నట్టు బిగించే దారి లేదు. రబ్బరు తొడుగున్న ఇత్తడి నట్లే గతి. వాటిని రంధ్రంలో దూర్చి పైనుంచి బోల్టు బిగిస్తే లోపల రబ్బరు ఉబ్బి ప్లాస్టిక్‌ను కరుచుకుంటుంది.

డబ్బాలో మూడే ఉన్నాయి.

మూడూ బిగించాడు. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది. నాలుగోదానికి లోపల మూడు కాళ్లుగా విచ్చుకునే రివెట్ ఒకటి దొరికింది. చుట్టూ నీళ్లు చొరని సీలెంట్ పూసి రివెట్ గన్ ఎత్తేసరికి గుమ్మంలో నీడ పడింది.

"ఏం ఉస్తాద్, పెళ్లికూతురి ముస్తాబు ఇంకా అవలేదా?"

నస్రా పావుగంట ముందే వచ్చేసింది. రోజూ 'అన్నా' అని పిలిచే మనిషి 'ఉస్తాద్' అంటే వాళ్ల మధ్య అర్థం ఒక్కటే. ముఠాకు అనుమానం వచ్చింది. ఆమె వెనకే లెనార్ట్.

"ఒక స్టాండుకి ఇంత సేపా?" అన్నాడు లెనార్ట్.

"అందరూ దీన్నే పట్టుకుని లాగుతారుగా సాబ్. మొన్నొకాయన చేతిలో స్టాండు మిగిలింది, పడవ సముద్రంలో పోయింది."

లెనార్ట్ నవ్వలేదు. ఖల్ఫాన్ గన్ నొక్కాడు. టక్.

లెనార్ట్ వంగి, స్టాండును రెండు చేతులా పట్టుకుని కయాక్ తోకను నేల మీంచి పైకి లేపాడు. మూడుసార్లు కుదిపాడు. ప్లాస్టిక్ కిర్రుమంది.

స్టాండు కదల్లేదు.

"బాగుంది. ఇది నేను తీసుకుంటా. నువ్వు నాది తీసుకో, నస్రా."

"మంచివన్నీ నీకేనా!" అంది నస్రా నవ్వుతూ. తలుపు అంచు పట్టుకున్న ఆమె వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. ఇప్పుడు సిగ్నల్ అతనితో వెళ్తుంది. అతను ఆమెను ఎక్కడ వదిలేస్తే అక్కడ ఆమె కథ ముగుస్తుంది.

వాళ్లిద్దరూ వెళ్లాక, గస్తీ పడవ ఎక్కిన ఖల్ఫాన్ రిసీవర్ తెర మీంచి చూపు తిప్పలేదు. లెనార్ట్ కయాక్‌ను చూపే పచ్చ చుక్క మూడు కొండలు దాటి ఓ పాయలోకి తిరిగింది. ఆగింది. పది నిమిషాల తర్వాత బయటికి కదిలింది, మైన్లు ఎక్కించుకున్నట్టే.

"పోనీయండి!" అని అరిచాడు.

కొండ మలుపు తిరిగారు. పొద్దు నీళ్లను తాకుతోంది. ఎదురుగా లెనార్ట్, కయాక్ ముందు భాగంలో రెండు మైన్లు. నస్రా ఎక్కిన కయాక్ అతని వెనకాల బోల్తాపడి, ఖాళీగా తేలుతోంది. నస్రా ఎక్కడ?

ఆమె లెనార్ట్ కయాక్ తోకకు వేలాడుతోంది. రెండు చేతులూ స్టాండు మీదే. ఆ బరువుకి కయాక్ ముందుకు సాగడం లేదు. తుపాకీ పేలిస్తే మోత ఓడ దాకా వినిపిస్తుంది. అందుకే లెనార్ట్ తెడ్డుతో వెనక్కి బాదుతున్నాడు, ఆమె వేళ్ల మీద. ఒకటి. రెండు. గ్యాస్ ఓడ నాలుగు వందల మీటర్ల దూరానికి వచ్చేసింది.

"వదిలెయ్ నస్రా, మేం వచ్చాం!" ఆమెకు వినబడలేదు.

మూడో దెబ్బ. రివెట్ ఊడింది. స్టాండు ఒక మూల పైకి లేచింది. ఖల్ఫాన్‌కు ప్రపంచంలో మూడు బోల్టులు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నాలుగో దెబ్బకు తెడ్డు ఎత్తిన లెనార్ట్‌ను గస్తీ పడవ కొక్కెం భుజం దగ్గర తగులుకుని నీళ్లలోకి లాగేసింది. కయాక్ ఒరిగి, మళ్లీ నిలబడింది. ఓడ కూత వేసుకుంటూ, ఏమీ ఎరగనట్టు సాగిపోయింది.

"ఇక వదులమ్మా," అన్నాడు ఖల్ఫాన్. నస్రా తల అడ్డంగా ఊపింది. విరిగిన రెండు వేళ్లు కూడా పట్టు వదల్లేదు. చివరికి అతనే స్క్రూడ్రైవర్‌తో మూడు బోల్టులూ విప్పి, స్టాండుతో సహా ఆమెను పడవలోకి ఎక్కించాడు.

రేడియోలో కల్నల్ గొంతు గరగరలాడింది. "పరికరం ప్రభుత్వ ఆస్తి. భద్రంగా ఉందా?"

"ఉంది సార్," అన్నాడు ఖల్ఫాన్. "ఆవిడే ఇవ్వనంటోంది."