ఉప్పు ఎక్కువైన పెరుగు వడ

ధూళి తుఫాను వెలిసి భూమితో సంబంధం తిరిగి కలిసిన ఉదయం, అంగారకుడి మీది అరుణనగరానికి వచ్చిన మొదటి కబురు మేదినికే. ఆమె తయారుచేసిన రుచిసాక్షిని బ్యాంకుల సమాఖ్య ఆమోదించింది. పెళ్లయి నెల కాలేదు, అప్పుడే ఇంకో పండగ. దోసె పిండి చేతులతోనే భర్త ఉదయన్ మెడ పట్టుకుని గిరగిరా తిరిగింది.

కార్డు స్టేట్‌మెంటులో తెలియని హోటల్ పేరు కనబడితే ఎవరికైనా కంగారే. బోర్డు మీద ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉండటమే చాలాసార్లు కారణం. అందుకే ఈ యంత్రం. బిల్లు కట్టగానే, పరీక్ష కోసం హోటల్ బల్లల్లో ముందే అమర్చిన సెన్సర్ ఆ తిండి రుచిముద్రను, చెంచా మీది ఎంగిలి గుర్తును ఖర్చుకు జతచేస్తుంది. రుచిసాక్షి ఆ రుచిని మళ్లీ ఒక చుక్కగా చేసి ఇస్తుంది. మనిషి మరిచినా నాలుక మరవదని మేదిని సిద్ధాంతం.

కబురు వెనకే, తుఫానులో ఆగిపోయిన పాత ఖర్చులన్నీ ఒకే తేదీతో వచ్చిపడ్డాయి. పెళ్లితో ఇద్దరి కార్డులూ ఒకటయ్యాయి కనుక ఉదయన్‌వీ అందులోనే ఉన్నాయి. అతని పద్దులో 'త్రినేత్ర ఆహార సేవలు' అని ఒకటి. ఆ పేరే వినలేదన్నాడు.

మేదిని సరదాగా చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. పెరుగు వడ, ఉప్పు కషాయంలా ఉంది. ఇలాంటిది జన్మలో తినలేదని తేల్చేసింది. ఉదయన్‌ కూడా రుచి చూసి అదే మాటన్నాడు.

"ఎంగిలి గుర్తులు రెండు, మేడమ్. చెంచా ఒకటే. ఒక గుర్తు ఉదయన్ గారిది," అంది యంత్రం.

మేదిని నవ్వు ఆగిపోయింది. వాళ్లింట్లో అక్కాచెల్లెళ్లు కూడా ఒకరి ఎంగిలి ఒకరు తినరు.

"ఎవరామె?"

"ఒట్టు, నాకు గుర్తులేదు," అన్నాడు ఉదయన్.

రెండో పేరు చెప్పాలంటే అడిగేవారు ముందు తమ గుర్తు ఇవ్వాలి. ఆ నియమం పెట్టింది మేదినే. చెంచా నోట్లో పెట్టుకుని, విసురుగా యంత్రానికి అందించింది.

"రెండోది మీదే, మేడమ్."

ముందు నవ్వింది ఉదయనే. తోటల గుమ్మటం పక్కన, ఊరంతా కిటికీ హోటల్ అని పిలిచేది ఒకటుంది; బ్యాంకులో దాని పేరే త్రినేత్ర అయుండాలి. పెళ్లి చేసుకుందామా అని అతను అడిగింది అక్కడే. అతని చొక్కాకు గుండీ లేకపోవడం, మాట పూర్తికాకముందే తను సరేననడం మేదినికి కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. వడ మాత్రం లేదు.

"నాలుక మరవదని సమాఖ్యకు రాసిచ్చానే," అంది దిగులుగా.

"పాపం, అది మరవలేదు. దాని మాట వినే తీరిక ఆ రోజు మనకెక్కడిది?"

మేదిని అతని భుజం మీద ఒక్కటిచ్చి, అక్కడే తల వాల్చింది.

"రేపు మధ్యాహ్నం అక్కడికే వెళ్దాం. ఎదురెదురుగా వద్దు, పక్కపక్కన కూర్చుందాం," అంది. " కనీసం ఏం తింటున్నామో తెలుస్తుంది."