కుడి చెవి

పాప పుట్టుకతోనే చెవిటిది. శబ్దాన్ని మెదడుకు అందించడానికి కావలసిన జన్యువుల్లో ఒక్కదానిలో తప్పుంది. ఆ జన్యువుకు సరైన నకలు తయారుచేసి, హాని చెయ్యని వైరస్‌లో పెట్టి, కుడి చెవి లోపలికి ఎక్కించారు. ముందు ఒక చెవి, అది కుదిరితే రెండోది అన్నారు డాక్టరుగారు. ఐదేళ్ళుగా పిలిచి పిలిచి గొంతు అరిగిపోయిన తల్లికి ఒకటే కోరిక. పిలిస్తే పిల్ల వెనక్కి తిరగాలి. అంతే.

నెల తిరిగాక పరీక్ష పెట్టారు. బయటి చప్పుడు చొరబడని చిన్న గది. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, మూసి ఉన్న గాలి వాసన. అద్దానికి అవతల పరీక్షలు చేసే అమ్మాయి కూర్చుని, పాప చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లలోకి చిన్న చిన్న కూతలు పంపుతుంది. వినిపించినప్పుడల్లా పాప ఒక పూస తీసి గిన్నెలో వెయ్యాలి.

మొదటి పూస పడింది. పాప పక్కనే కూర్చున్న తల్లి పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకండక్కా," మైకులో నవ్వింది అమ్మాయి. "మీరు ముక్కు చీదితే అదీ వింటుంది."

"విననీ. మా ఇంట్లో చెవులున్నవాళ్ళు నలుగురున్నారు. నా మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇదన్నా వింటుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. పూసలు పడుతున్నాయి. టక్. టక్ టక్.

కాసేపటికి అమ్మాయి గొంతు తగ్గింది. "అక్కా... నేనిప్పుడు ఏమీ పంపడం లేదు."

టక్.

ఆడుకుంటోందేమో అనుకుంది తల్లి. కానీ ఆడుకునే పిల్ల మొహం అలా ఉండదు. తల ఒక పక్కకి వంచి, ఎవరో చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు పూస వేస్తోంది.

తల్లి హెడ్‌ఫోన్లు లాగేసింది. పూసలు ఆగలేదు.

"చిట్టీ," అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది.

పాప తిరిగి చూసింది. చూపుడు వేలు పెదవుల మీద పెట్టుకుంది... ష్, అన్నట్టు.

ఆ సైగ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. చెవులు వినబడని పిల్ల ముందు నోరు మూసుకోవలసిన పని ఎవరికి పడుతుంది?

అమ్మాయి కబురందుకుని డాక్టరుగారు తలుపు తోసుకుని వచ్చారు. "కొత్తగా వినే చెవిలో గుయ్‌మనడం మామూలేనమ్మా."

"గుయ్‌మనే దానికి ఎవరన్నా తలూపుతారా? చూడండి దాన్ని. ఆపెయ్యండి."

"ఏం ఆపమంటారు? మిషనైతే స్విచ్ కట్టేద్దును. ఇది పాప ఒంట్లో కలిసిపోయింది. వెనక్కి తియ్యడం కుదరదు."

"ఈ ముక్క ముందే చెప్పాలిగా."

"చెప్పాను. ఒక్కసారి ఎక్కిస్తే జన్మంతా ఉంటుందన్నాను. నా చేతులు పట్టుకుని సంతోషంతో ఏడ్చారు మీరు."

నిజమే, ఏడ్చింది.

పాప పూసలు వదిలేసింది. మెల్లగా చెయ్యెత్తి తల్లిని చూపించింది. ఈవిడేనా అని అడిగినవాళ్ళకి, ఈవిడే అని చెప్పినట్టు... తలూపింది.

"ఎవరే?" గుసగుసగా అడిగింది తల్లి. "ఎవరడుగుతున్నారు?"

అమ్మాయి అద్దం అవతల లేచి నిలబడింది. డాక్టరుగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

తల్లి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. మొహాన్ని గుండెకి హత్తుకుని, కుడి చెవి మీద అరచెయ్యి అదిమింది. బయటినుంచి వచ్చేదైతే ఇక్కడితో ఆగాలి. ఆగలేదు. పాప తలూపుతూనే ఉంది.

అరచేతికి వెచ్చగా తగిలింది.

పాప ఊపిరి కాదు. అది తల్లి జాకెట్టుకి తగులుతోంది. ఇది చెవిలోంచి... ఆగి ఆగి... మాట మాటకీ.

చెయ్యి తియ్యాలనుకుంది. తియ్యలేకపోయింది.

అరచేతి కింద, మెత్తగా, పెదవులు కదిలాయి.