మొదటి ముక్క

పెనుకొండ కోట గోడ నీడలో వేరుశనక్కాయలు వలుచుకుంటున్న ముసలి టూరిస్టు తలెత్తి చూశాడు. గొర్రెల కాపరి ఒకడు కర్ర ఆనించుకుని ముందు నిలబడి ఉన్నాడు.

"మంద యాడ తోలినావప్పా?"

"రామగిరి గుట్టకు. ఆడ మేత లేదు."

కోడ్ సరిపోయింది. ముసలి టూరిస్టు చీఫ్, కాపరి సీక్రెట్ ఏజెంట్ జగదీష్. తొక్కలు దులుపుకుని చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

కిందటి సరిహద్దు యుద్ధంలో మన ఫిరంగులు ఒక కొండపల్లెను కాల్చాయి. జనం తెల్లగుడ్డలు ఊపుతున్నారని వైర్‌లెస్ ఆపరేటర్ మొత్తుకుంటున్నా, ఇళ్ళల్లో ఎవరూ లేరు, కొట్టండని కమాండర్ ఆర్డరిచ్చాడు. ఇళ్ళల్లో బాలింతలు, పసిబిడ్డలు ఉన్నారు. ఇప్పుడు ఆ నిర్ణయం మీద విచారణ నడుస్తోంది. ఆ ఆపరేటర్ ఓబుళప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తున్నాడు. రేపు ఢిల్లీలో సాక్ష్యం చెప్పాలి. ఈలోపే అతణ్ణి లేపేసి, సాక్షిని ఇండియానే చంపుకుందని ప్రపంచానికి చాటాలని ఒక విదేశీ ముఠా హిందూపురం లాడ్జిలో దిగింది. పని పూర్తిచేయడానికి వస్తున్నది రేఖ.

రేఖ మన డిపార్ట్‌మెంట్ మనిషే. కంచే చేను మేయడమంటే అదే. ఆమె నవ్విందంటే సీల్ వేసిన ఫైళ్ళు కూడా తెరుచుకునేవి. జగదీష్ మొహం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇంట్లోవాళ్ళను ముందే తప్పిద్దామని జగదీష్ అడిగాడు.

"వద్దు, పసిగడుతుంది. తన చేత్తో విషం ఇస్తుండగా వీడియో కావాలి. నువ్వు ఓబుళప్ప మీద కన్నేసి ఉంచు. మిగతావాళ్ళకు రిస్క్ లేదు," అన్నాడు చీఫ్.

ఆ కమాండర్ మూర్ఖుడనీ, మనం అలా గుడ్డి ఆర్డర్లు వెయ్యమనీ కూడా అన్నాడు. గురివింద తన నలుపు తానెరగదు.

మధ్యాహ్నానికి జగదీష్ పట్టునూలు ఏజెంటుగా ధర్మవరంలో ఓబుళప్ప మగ్గం పక్కన కూర్చున్నాడు. షర్టు గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్, చేతికి విషాన్ని పసిగట్టే వాచీ. ఓబుళప్ప భార్య తిప్పమ్మ పొద్దున్నుంచి మగ్గం వెనక కొత్త పడుగు నిలువు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటే అతుకుతోంది. పోగులు జారకుండా వేళ్ళ నిండా బూడిద. మధ్యలో లేచి జగదీష్‌కు మజ్జిగ ఇచ్చింది.

"తాగప్పా, ఎండన పడొచ్చినావు."

తాగాడు. ఆమె మళ్ళీ పడుగు వెనక్కి వెళ్ళి కూర్చుంది.

రేఖ బెంగళూరు చీరల వ్యాపారిలా వచ్చింది. కొత్త పడుగుకు పూజ కదా అని నవ్వుతూ స్వీట్ బాక్స్ తెరిచింది. వాచీ జగదీష్ మణికట్టును సూదిలా పొడిచింది. ఆమె చేతి నుంచి బాక్స్ ఓబుళప్ప చేతికి మారడం కెమెరాకెక్కింది. ఇంకొక్క క్షణం, అతను నోటిదాకా ఎత్తాలి, కేసు ఉక్కులా నిలబడుతుంది. ఓబుళప్ప ఒక ముక్క తుంచి పడుగు వెనక్కి అందించాడు. దేవుడి గూట్లో పెట్టించడానికేమో అనుకున్నాడు జగదీష్. అతని చూపంతా ఓబుళప్ప పెదవుల మీదే ఉంది.

రెండో ముక్క పెదవులకు తగలబోతుండగా జగదీష్ దూకి ఎగరగొట్టాడు. మరుక్షణం రేఖ మణికట్టుకు సంకెళ్ళు పడ్డాయి.

పడుగు వెనక మజ్జిగ చెంబు దొర్లిన చప్పుడైంది. తిప్పమ్మ బూడిద వేళ్ళు పోగులను పట్టుకుని లాగాయి, తర్వాత వదిలేశాయి.

రేఖ మొహం పాలిపోయింది. మగ్గం మీద కూర్చున్నవాడే ముందు తింటాడని ఆమె కూడా అనుకుంది.

"మా ఇంట్ల మొదటి ముక్క పోగులు అతికినోళ్ళకే," అన్నాడు ఓబుళప్ప, భార్య తల ఒళ్ళో పెట్టుకుని. ఏడవలేదు. జగదీష్ వైపు తిరిగాడు. "ఆ కమాండరు పల్లెను చూడనన్నా లేదు. నువ్వు ఈ యమ్మ చేతి మజ్జిగ తాగితివి గదప్పా."

జగదీష్ సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ ఉద్యోగం చావదు. చెవిలో చీఫ్ గొంతు హుషారుగా మోగింది. లాడ్జిలో ముఠా మొత్తం దొరికిందట, మెడల్ ఖాయమట.

"సాక్షి సేఫ్ కదా?"

"సేఫ్ సార్."

"గుడ్. రిపోర్టుకు కావాలి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

జగదీష్ పడుగు వెనక్కి చూశాడు.

"ఎవరూ లేరు సార్."