అట్టపెట్టె మిషన్

ప్రొజెక్టర్ తెర మీద ఆ ఫోటో పడగానే వెనక బెంచీలోంచి శోభ లేచి నిలబడింది.

“సార్, ఆమె మా అమ్మ.”

క్లాసంతా తెర వైపు తిరిగింది. మహబూబాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, సంచి పక్కన కూర్చొని ఎటో చూస్తున్న లంబాడీ ఆడమనిషి ఫోటో అది. కింద శ్రీపాల్ స్వయంగా టైపు చేసిన వివరాలున్నాయి. పేరు రాజమ్మ. వయసు యాభై రెండు. చదువు రాదు. మిషన్ అంటే భయం.

యూఎక్స్, అంటే వస్తువు వాడే మనిషి అనుభవాన్ని తీర్చిదిద్దే చదువుల్లో, దీన్ని పర్సోనా అంటారు. మనం తయారుచేసే వస్తువును రేపు వాడబోయే మనిషికి ముందుగానే ఒక రూపం కట్టుకోవడమన్నమాట. నలుగురితో మాట్లాడి, వాళ్ల అవసరాలు తెలుసుకొని, ఆ తర్వాత కట్టాలి. శ్రీపాల్ ఆ మాట్లాడటం ఒక్కటి వదిలేసి మిగతాదంతా ఎంతో శ్రద్ధగా చేశాడు.

“మా అమ్మ పేరు సుక్కి,” అంది శోభ. “నలభై దాటి ఎన్నో రోజులు గాలేదు. భయమంటవా, మిషన్‌కేంది, పోలీసోళ్లకు గూడ భయపడదు. ఫోటో తీసేటప్పుడు ఆమెను అడిగినవా?”

“అది క్యాండిడ్ షాట్...” అని నసిగాడు శ్రీపాల్.

“దొంగతనంగ తీసిన అని తెలుగుల చెప్పు.”

పాపం, కోర్సులో చేరిన నాటి నుంచి శోభ తన వైపు ఒక్కసారి చూస్తే చాలని శ్రీపాల్ కలలు కంటున్నాడు. ఇవాళ చూసింది. ఆ చూపుకు అతను మొహం తెర వైపు తిప్పేసుకున్నాడు.

ఇద్దరికీ అంతకు ముందే ఒకసారి వాదన పడింది. సారు బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి యూఎక్స్ అని రాశారు. దాని లోపల చిన్న గుండ్రం గీసి ఇంటరాక్షన్ డిజైన్ అన్నారు. శ్రీపాల్ వెంటనే అందుకున్నాడు.

“ఇల్లంతా యూఎక్స్ సార్. ఇంటరాక్షన్ డిజైన్ అంటే తలుపుకు గొళ్లెం. అంతే.”

“గొళ్లెం లోపటికెళ్లి పెడితే నీ ఇంట్లకు ఎట్ల పోతవ్?” అంది శోభ. “రైలుందని తెలుసుకునుడు, స్టేషన్‌కు నడుసుడు, ఇంటికి చేరుడు, గదంతా కలిపితే యూఎక్స్, ఒప్పుకుంట. గని మనిషి బటన్ నొక్కాలె, మిషన్ జవాబియ్యాలె, గది చూసి మనిషి మళ్ల నొక్కాలె. గీ ముచ్చట కుదరకపోతే టికెటే రాదు. దీనికి వేరే చదువుండాలె.”

“వేరే ఎందుకు? దాంట్లనే ఒక పాఠం.”

“గేటు కాడ ప్రత్యేక రాష్ట్రమని గొంతు చించుకుంటవు. లోపటికొస్తె చిన్న గుండ్రం పెద్ద గుండ్రంల అణిగి ఉండాలంటవు. నీ న్యాయం మంచిగుంది శ్రీపాల్!”

క్లాసు పగలబడి నవ్వింది. ఇదంతా చూసి సరదా పడ్డారో ఏమో, సారు ఆ ఇద్దరినే జత చేసి స్టేషన్‌కు టికెట్ మిషన్ డిజైన్ చేయమన్నారు. దాని కోసమే శ్రీపాల్ ఆ ఫోటో ఘనకార్యం చేశాడు.

ఫోటో గొడవ జరిగిన కొన్నాళ్లకే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. హైదరాబాద్‌లో కాలేజీ మూతపడింది. సంచి సర్దుకుంటూ శోభ తేల్చి చెప్పేసింది.

“క్లాసులు మొదలుగాంగనే జత మార్చమని సార్‌కు చెప్త. మనుషులను అడగనోనితోని నేను పని చెయ్య.”

జత పోతే ప్రాజెక్టే కాదు, శోభతో మాట్లాడే వంక కూడా పోతుంది. జనగామలో ఇంట్లో కూర్చున్న శ్రీపాల్‌కు అన్నం సహించలేదు. రోజూ పొద్దున సమ్మె శిబిరానికి పోయి జై కొట్టేవాడు, మధ్యాహ్నం మంచం మీద పడి నిట్టూర్చేవాడు. చివరికి ధైర్యం చేసి ఫోన్ చేశాడు.

“మీ అమ్మకు మాఫీ చెప్పాలె. జర ఫోన్ ఇస్తవా?”

“ఫోన్ల చెప్పుడేంది? వచ్చి చెప్పు. ఎల్లుండి మానుకోటల రోడ్డు మీద వంటా వార్పు ఉంది. మా తండా అంత వస్తది. నీ మిషన్ గూడ పట్టుకరా. జనముంటరు, టెస్ట్ చేద్దం.”

“బస్సులు బంద్ గద శోభా!”

“బంద్‌కు జై కొట్టింది నువ్వే గద!”

మిషన్ అంటే నిజం మిషన్ కాదు. పాత టీవీ వచ్చిన అట్టపెట్టెకు కిటికీ కోసి, కాగితాల మీద తెరలు గీసి, వెనక నుంచి తల దూర్చి ఒక మనిషి కూర్చుంటాడు. ముందున్నవాళ్లు కాగితం మీది బటన్ నొక్కితే, లోపలి మనిషి ఆ కాగితం తీసి ఇంకో కాగితం పెడతాడు. లక్షలు పోసి కట్టకముందే తప్పులు బయటపడే ఉపాయం. శ్రీపాల్ ఆ పెట్టెను నెత్తిన పెట్టుకొని, బస్సుల్లేక కిక్కిరిసిన రైలెక్కాడు. దారి పొడుగునా “ఏం టీవీ తమ్మీ?” అని అడిగినవాళ్లందరికీ ఇంటరాక్షన్ డిజైన్ గురించి వివరించాడు. కాజీపేట వచ్చేసరికి అతని చుట్టూ కొంత జాగా ఖాళీ అయింది.

మానుకోట అని పిలిచే ఆ మహబూబాబాద్‌లో నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు మండుతున్నాయి. శోభ నాయిన జైసింగ్ పెద్ద గంజులో పప్పు కలుపుతున్నాడు. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడు. సమ్మెతో గని మూతపడ్డాక ఇంటికొచ్చి, శిబిరంలో గరిటె పట్టాడు.

“మిషన్ మాట్లాడదు,” అని శోభ ముందే హెచ్చరించింది. “నువ్వు నోరు తెరిస్తె టెస్ట్ ఖతం.”

సుక్కి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. శోభ మొదటి తెర చదివి వినిపించింది. “దయచేసి మీ గమ్యస్థానమును ఎంచుకొనుము.”

“గిదేం మంత్రమే బిడ్డా?”

లోపల గబగబా రాస్తున్న చప్పుడు వినిపించింది. కొత్త కాగితం వచ్చింది. ‘ఏ ఊరికి పోవాలె?’

సుక్కి బటన్ నొక్కలేదు. వంగి కిటికీలోంచి లోపలికి చూసింది.

“ఓ పిలగా! నా ఫోటో తీసినోడివి నువ్వేనా?”

మిషన్ మాట్లాడకూడదు. కాగితం వచ్చింది. శోభ చదివింది. ‘నేనే. అడగకుండ తీసిన. తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి.’

“తప్పు సంగతి సరే. యాభై రెండేంది? నెత్తి దువ్వుకోనప్పుడు తీసి, వయసు గూడ పెంచుతవా? ఇప్పుడు చూసి చెప్పు, నాకెన్నేండ్లుంటయ్?”

ఇంకో కాగితం వచ్చింది. ‘ముప్పై.’

శోభ చదవగానే సుక్కి చేతులు తట్టి నవ్వింది. “మిషన్ మంచిగనే పని చేస్తున్నదే!” అంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సన్నగా వాన మొదలైంది. జనం టార్పాలిన్ కిందికి జరిగారు. శోభ మాత్రం పెట్టె ముందుకొచ్చి కూర్చుంది.

“నేను గూడ ఒకపారి చూస్త.”

శ్రీపాల్ జేబులో జనగామ నుంచి తెచ్చిన కాగితం ఒకటుంది. పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాడు. పెట్టేశాడు.

‘శోభా, నేనంటే నీకు ఇష్టమేనా?’ దాని కింద పెద్ద బటన్. ‘అవును.’

శోభ చెంపలు ఎర్రబడ్డాయి. కానీ చెయ్యి ముందుకు రాలేదు.

“‘కాదు’ బటన్ ఏది?”

పెట్టె లోపల పెన్ను కిందపడిన చప్పుడైంది.

“మళ్ల గదే పని చేసినవ్. మా అమ్మను అడగకుంట ఫోటో తీసినవ్. నన్ను అడిగినట్టే అడిగి, జవాబు గూడ నువ్వే రాసుకున్నవ్.”

కాగితం లోపలికి పోయింది. రెండు బటన్లతో తిరిగొచ్చింది.

“‘కాదు’ చిన్నగ రాసినవ్.”

మళ్లీ పోయింది. ఈసారి రెండూ సమానంగా ఉన్నాయి. శోభ తీరిగ్గా చూసి, ‘కాదు’ నొక్కింది.

అవును అంటే చూపించడానికి శ్రీపాల్ రంగురంగుల తెరలు గీసి పెట్టుకున్నాడు, పువ్వులతో సహా. కాదు అంటే ఏం చూపాలో గీయనే లేదు. ‘ఎందుకు’ అని రాసి కొట్టేశాడు. ‘ఇంకోసారి ఆలోచించు’ అని రాసి, అదీ కొట్టేశాడు. ఆమె సూటిగా జవాబు చెప్పింది. దాన్ని వినడం తప్ప తనకు మిగిలిన పని లేదు. కొత్త కాగితం పెట్టాడు.

‘సరే. జత మార్చమని సార్‌కు నేనే చెప్త.’

తర్వాత ఏ కాగితమూ రాలేదు. శోభ ఎదురుచూసింది. వానకు నానిన పెట్టె మెల్లగా వంగి, అతని నెత్తి మీద కూలింది. టార్పాలిన్ కింద జనం గొల్లుమన్నారు. తడి అట్టలో తల ఇరుక్కున్నా శ్రీపాల్ నోరు మాత్రం విప్పలేదు.

శోభ అట్ట చింపి అతని మొహం బయటికి తీసింది. “ఇగ మాట్లాడు. మిషన్ ఖరాబైంది.”

“కాదన్నవ్ గద. ఏం మాట్లాడాలె?”

“మిషన్ అడిగితే కాదన్న. మనిషి అడగనే లేదు.”

శ్రీపాల్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా సుక్కి, గరిటెతో జైసింగ్, తండా మొత్తం ఉన్నారు.

“శోభా, నువ్వంటే నాకు పానం. నేనంటే నీకు ఇష్టమేనా? లేదంటే నీ జోలికి రాను, గది గూడ మంచిదే అనుకుంట.”

“ఉంది,” అంది శోభ. “కాదు అంటే ఏం చేస్తవో సూద్దామని నొక్కిన. నువ్వు సరే అన్నంక నాకే ఏడుపొచ్చింది. జత మార్చ. గని చదువు అయ్యేదాంక లగ్గం ముచ్చట ఎత్తొద్దు.”

“ఏందే గా లొల్లి?” అని అరిచాడు జైసింగ్.

“పిలగాడు మన శోభను అడుగుతుండు,” అంది సుక్కి. “నన్ను ముప్పై అన్నడు. మంచోడే.”

జైసింగ్ అతన్ని కింది నుంచి మీదికి చూశాడు. “సమ్మె అయినంక మీ అమ్మానాయినలను తోలుకరా. అప్పుడు మాట్లాడుదం. ముందుగాల బువ్వకు కూసో.”

పంక్తిలో చివర కూర్చున్న శ్రీపాల్ పక్కకు శోభ వచ్చి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకోగానే అతని కళ్ల నుంచి నీళ్లు కారాయి.

“ఏందట్ల ఏడుస్తున్నవ్?”

“పొగ.”

“పొయ్యి ఆరి శానసేపైంది శ్రీపాల్,” అంటూ శోభ తన కొంగు అతని చేతికిచ్చింది.