చక్రాల ఇంటి కింద శవం

ఉదయం ఆరుంబావు. మంగినపూడి సరుగుడు తోటలో, ట్రైలర్ ఇరుసు కింద కృపానందం శవం.

ఎడమ చక్రంలో గాలి లేదు. ఇరుసు అతని ఛాతీ మీద కూర్చుంది. నోరు తెరుచుకుని ఉంది. తల కింద ఇసుక నల్లగా గడ్డకట్టింది. పక్కనే జాకీ పడి ఉంది.

"జాకీ జారింది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ దైవాధీనం. "పంచరైన చక్రం మార్చబోయి కిందికి దూరాడు. పాపం."

ఎస్సై శ్రీలేఖ ఇసుకలో మోకాళ్లూని వంగి చూసింది. శవం కుడి బొటనవేలు నల్లగా ఉంది. గ్రీజు కాదు. మెరుస్తోంది.

అది జీపు వెనక తగిలించుకుని వెళ్లే ట్రైలర్. లోపల నాలుగు పడకలు, గ్యాస్ పొయ్యి, కిటికీలకు పూల కర్టెన్లు. గుడివాడ పూర్ణచంద్రరావు ఇలాంటివి నాలుగు కట్టించాడు. కుటుంబాలు అద్దెకు తీసుకుని సముద్రం, దివిసీమ, హంసలదీవి తిరిగి వస్తాయి. జనం వాటిని చక్రాల ఇళ్లంటారు. వాటి టైర్లు చూసుకునే మనిషి కృపానందం. రోజూ ఎండ తగలక ముందే గాలి చూసేవాడు. ఆ తర్వాత టైర్లకు గోనెపట్టాలు కప్పేవాడు.

శవాన్ని బయటికి లాగాక శ్రీలేఖ అంది.

"ఆ చక్రం ఊడదీయండి. పంచరు షాపుకి పంపాలి."

ట్రైలర్ పెట్టెలోని పెద్ద స్పానర్ తీసుకుని దైవాధీనం కూర్చున్నాడు. నట్టు కదల్లేదు. లేచి స్పానర్ మీద ఎక్కి నిలబడ్డాడు. ట్రైలర్ పట్టుకుని ఊగాడు. నట్టు కీచుమంది.

"నా నడుం పోయింది మేడమ్. ఇంకా నాలుగున్నాయి!"

అంతలో తోటలోకి ఒక ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది. కృపానందం భార్య ఎలీసబెతు. శవాన్ని చూసి ఆగిపోయింది. తర్వాత జనంలో నిలబడ్డ కుర్ర డ్రైవర్ విల్సన్ మీదికి దూకింది. ఎడాపెడా చెంపలు వాయించింది.

"వీడే! వీడే చంపాడు నా మొగుణ్ణి! నిన్న ఇదే తోటలో అందరి ముందూ చంపుతానన్నాడు!"

విల్సన్ తప్పించుకోలేదు. పెదవి చిట్లి రక్తం కారినా చెయ్యి అడ్డం పెట్టలేదు.

శ్రీలేఖ అతన్ని పక్కకు తీసుకెళ్లింది.

"అన్నావా?"

"అన్నాను మేడమ్."

"ఎందుకు?"

"పోయిన నెల కోడూరు రోడ్డులో నేను లాగుతున్న ట్రైలర్‌కి టైరు పేలింది. బండి కాలవలో పడింది. మా తమ్ముడు సుధీర్ లోపలున్నాడు. మెడ విరిగి పోయాడు." విల్సన్ పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "నా తోలుడే తప్పని నా మీద కేసు పెట్టారు. టైరు చూసుకోవాల్సింది కృపానందం మావయ్యే కదా. అందుకని ఆయన్ని అన్నాను."

"తెల్లారి ఎక్కడున్నావ్?"

"సముద్రం దగ్గర."

"ఎవరు చూశారు?"

"చేపలు."

"సరిగ్గా చెప్పు."

"ఎవరూ చూళ్లేదు మేడమ్."

"తోటలో నీ జీపుకి తాళం వేశావా?"

"ఆ జీపుకి తలుపులే లేవు. తాళం ఎక్కడ వేస్తాను?"

ఏడింటికి జీపు వెతికారు. సీటు కింద రెండు వీల్ స్పానర్లు దొరికాయి. చిన్నదానికి రక్తం, వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

తొమ్మిదింటికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ స్పానర్‌ని సీలు వేయించాడు. విల్సన్‌ని జుట్టు పట్టి వ్యానులో పడేశాడు.

"కేసు అయిపోయిందమ్మా. రేపు పదిన్నరకి కోర్టు. ఈలోపు వాడే ఒప్పుకుంటాడు."

"పోస్టుమార్టం కాలేదు సర్."

"అయితే ఏం చెబుతుంది? బతికే ఉన్నాడని చెబుతుందా?"

స్టేషన్ వెనక గదిలో లాఠీ దెబ్బలు మొదలయ్యాయి. మొదట అరికాళ్ల మీద. తర్వాత విల్సన్ చేతులు బల్ల మీద చాపించారు. శ్రీలేఖ వరండాలో నిలబడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. అరుపు ఆ తర్వాత వచ్చింది.

ఆమె లోపలికి వెళ్లింది.

"సర్, చాలు. డ్రైవర్ చేతులవి."

"హంతకుడి చేతులు. నువ్వు బయటికెళ్లు."

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆస్పత్రిలో డాక్టర్ గ్లవ్స్ తీస్తూ చెప్పాడు.

"తల వెనక మూడు దెబ్బలు. ఇనుముతో. పుర్రె లోపలికి దిగిపోయింది. రక్తమంతా అక్కడే పోయింది. పక్కటెముకలు తర్వాత విరిగాయి. అప్పటికే మనిషి లేడు."

అంటే కృపానందం ఇరుసు కిందికి తనంతట తాను దూరలేదు. అతని శవాన్ని పడుకోబెట్టారు.

రెండింటికి పంచరు షాపు. చక్రంలోని ట్యూబులో కొత్త వాల్వ్ పిన్ను పెట్టి, గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచారు. ఒక్క బుడగ కూడా రాలేదు.

"చిల్లే లేదు మేడమ్," అన్నాడు దైవాధీనం. "పిన్ను పీకేసి గాలి తీసేశారు. చిన్నప్పుడు మేం హెడ్మాస్టారి సైకిలుకి చేసినట్టు."

శ్రీలేఖ మళ్లీ తోటకి వెళ్లింది. మిగతా రెండు ట్రైలర్లూ సరుగుడు నీడలో ఉన్నాయి. ఆమె గోనెపట్టాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. టైర్లు నల్లగా, కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. ఒక టైరు పక్కభాగాన మాత్రం వేలెడంత మేర నలుపు చెరిగింది. కింద సన్నని పగుళ్లు. ఎండిన చెరువు అడుగులా.

ఆమె తన బొటనవేలితో రుద్దింది. వేలు నల్లబడింది. పాలిష్.

అప్పుడే పూర్ణచంద్రరావు కారు దిగాడు. నందివాడ దగ్గర చేపల చెరువులున్న ఆసామి. మేనల్లుడు ఆదిత్య ఇంకో కారులో వెనకే వచ్చాడు. చక్రాల ఇళ్ల వ్యవహారమంతా ఆదిత్యదే.

"టైర్లు ఎవరు కొంటారండీ?"

"మా ఆదిత్యేనమ్మా."

"కొత్తవేనా?"

ఆదిత్య నవ్వాడు. "టైరు మీది గట్లు, ఈ బటన్లు చూడండి మేడమ్. వేలు పెడితే దిగిపోతుంది. అరిగినవైతే అంత లోతుంటుందా?"

"పక్కన పగుళ్లున్నాయి."

"ఎండకి వస్తాయండీ. సముద్రపు గాలి కూడానూ."

పూర్ణచంద్రరావు తల పంకించాడు. "కృపానందం కూడా ఇదే గోల. ఇవి నెలలో ఇరవై రోజులు నిలబడే బళ్లు. పైన అరక్కపోయినా లోపల రబ్బరు చచ్చిపోతుంది, వయసు చూసి మార్చండి అనేవాడు. వీడేమో మార్చేశాం మావయ్యా అన్నాడు."

"ఇవాళ తెల్లారి ఎక్కడున్నారు ఆదిత్యగారూ?"

"హత్య జరిగినప్పుడా మేడమ్?"

"అవును. ఆరింటికి ముందు."

"గుడివాడలో. ఎనిమిదింటికి ఫోనొస్తే నిద్ర లేచాను."

శ్రీలేఖ అంతకంటే అడగలేదు. తోట మొదట్లో కల్లుపాకలో కూర్చున్న ముసలాయనతో కాసేపు మాట్లాడింది. ఆయనకు తెల్లారి ఒక కారు చప్పుడు వినిపించింది. రంగు తెలీదు. నంబరు తెలీదు.

మర్నాడు ఉదయం ఏడింటికి అందరూ తోటలో ఉన్నారు. పూర్ణచంద్రరావు, ఆదిత్య, ఎలీసబెతు. సర్కిల్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. విల్సన్‌ని వ్యాను లోంచి దింపారు. నడవలేకపోతున్నాడు. చేతివేళ్లు అరటికాయల్లా వాచి ఉన్నాయి.

"పదిన్నరకి కోర్టులో ఉండాలి," అన్నాడు సర్కిల్. "ఇక్కడ జనాన్ని పోగేసి ఈ తీర్థం ఏమిటమ్మా?"

"ఒక్క చక్రం మార్చి వెళ్లిపోదాం సర్." ఆమె తిరిగింది. "ఆదిత్యగారూ, ఆ ట్రైలర్ చక్రం కొంచెం ఊడదీస్తారా? పాలిష్ కింద టైరు తయారైన ఏడాది నంబరు చూడాలి. మావాళ్ల నడుములు నిన్ననే పోయాయి."

"నేనా?"

"బళ్లు మీవి కదండీ."

జనం చూస్తున్నారు. ఆదిత్య చొక్కా ఫుల్‌హాండ్స్ మడిచాడు. జాకీ తెచ్చి ఇరుసు కింద పెట్టాడు. రాడ్డు తిప్పాడు. చక్రం నేల వదిలి లేచింది. అప్పుడు పెద్ద స్పానర్ తీసుకుని నట్టుకి తగిలించి నొక్కాడు.

స్పానర్‌తో పాటు చక్రం గిర్రున తిరిగింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ తిరిగింది.

"బాబుగారు రాట్నం తిప్పుతున్నార్రోయ్!" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి.

"ముందు నట్లు వదులు చెయ్యాలిరా," అన్నాడు పూర్ణచంద్రరావు చిరాగ్గా. "చక్రం నేల మీద ఉండగానే. ఈ బండికి గేరుందా, బ్రేకుందా ఆగడానికి?"

"విల్సన్," అంది శ్రీలేఖ. "నువ్వు."

విల్సన్ కుంటుకుంటూ వచ్చాడు. వేళ్లు మడవలేకపోయాడు. మోచేతులతోనే జాకీ దింపాడు. చక్రం నేలకి ఆనింది. స్పానర్‌ని రెండు మణికట్ల మధ్య పట్టి నట్టుకి తగిలించాడు. వాచిన పాదం దాని మీద మోపి, పళ్లు కరిచి, బరువంతా వేశాడు. నట్టు కీచుమని వదిలింది. అయిదూ అలాగే వదిలించాడు. ఆ తర్వాతే జాకీ వైపు చూశాడు.

"చాలు," అంది శ్రీలేఖ.

ఎవరూ నవ్వలేదు.

"నిన్న శవం ఉన్న ట్రైలర్‌ని జాకీ మీద ఎత్తారు. కానీ అయిదు నట్లూ బిగుతుగానే ఉన్నాయి. దైవాధీనం గారు ఎక్కి తొక్కితే గానీ కదల్లేదు. కృపానందం గాని, విల్సన్ గాని అలా ఎత్తరు. చక్రం మార్చడం అలవాటున్న చేతికి నట్లే ముందు. నట్లు ముట్టుకోకుండా జాకీ పెట్టినవాడు జన్మలో చక్రం మార్చలేదు. పంచరు వేషం కట్టాలని తెలుసు. పని తెలీదు."

"చక్రం మార్చడం రాకపోతే హంతకుణ్ణా?" అన్నాడు ఆదిత్య.

"కాదు. ఇంకోటుంది." ఆమె సంచి లోంచి ఒక చిన్న స్పానర్ తీసింది. "సీలు వేసింది స్టేషన్లో ఉంది. ఇది అదే కొలతది, బందరులో కొన్నాను. విల్సన్ ఈ స్పానర్‌తో కొట్టి, జీపులో దాచాడంటున్నారు. దైవాధీనం గారూ, ట్రైలర్ నట్టుకి పెట్టండి."

పట్టలేదు. నట్టు పెద్దది.

"జీపు నట్టుకి?"

పట్టలేదు.

"ఆదిత్యగారి కారుకి?"

దైవాధీనం కారు చక్రం దగ్గర కూర్చున్నాడు. స్పానర్ నట్టు మీద చక్కగా కూర్చుంది.

"ఆదిత్యగారూ, ప్రమాదమని నమ్మకపోతే నేరం విల్సన్ మీదికి పోవాలని తలుపుల్లేని జీపులో పెట్టారు. ఏ స్పానరైనా ఏ బండికైనా పడుతుందనుకున్నారు. డిక్కీ తెరవండి. మీ కారు స్పానర్ ఎక్కడుందో చూపిస్తే క్షమాపణ చెప్పుకుంటాను."

ఆదిత్య డిక్కీ వైపు అడుగేశాడు. ఆ అడుగులోనే వంగి ఇసుకలోని జాకీ రాడ్డు అందుకున్నాడు. వెనక్కి తిరిగి ఒక్క ఊపున కొట్టాడు. దైవాధీనం భుజం విరిగింది. రెండో దెబ్బ శ్రీలేఖ తల కోసం వచ్చింది. ఆమె పక్కకి వాలింది. చెవి చీలి మెడంతా రక్తమైంది. మూడోసారి రాడ్డు లేచేసరికి విల్సన్ ఒళ్లంతా అతని మోకాళ్ల మీద పడేశాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. ఆదిత్య విల్సన్ విరిగిన వేళ్లని బూటుతో నలిపాడు. శ్రీలేఖ లాఠీ అతని మణికట్టు మీద పడింది. మళ్లీ పడింది. రాడ్డు జారిపోయింది.

బేడీలు పడ్డాక ఆదిత్య రొప్పుతూ మాట్లాడాడు. ఎవరూ అడగలేదు.

"కృపానందం పాలిష్ రుద్దేశాడు మావయ్యా. ఏళ్లు నిండాయని లారీల వాళ్లు పారేసిన పాత టైర్లేనని కనిపెట్టేశాడు. కోడూరులో పేలింది కూడా అలాంటిదేనన్నాడు. పదింటికి స్టేషన్‌కి వెళ్లి విల్సన్ తప్పు లేదని చెప్తానన్నాడు. ఆ కుర్రాణ్ణి జైలుకి పంపలేనన్నాడు. ఆగమన్నాను. వెనక్కి తిరిగాడు..."

పూర్ణచంద్రరావు ముందుకొచ్చి మేనల్లుడి ముఖం మీద ఊశాడు. తర్వాత సరుగుడు చెట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

సర్కిల్ జీపెక్కాడు. విల్సన్ వైపు చూడలేదు.

విల్సన్ ఇసుకలోనే కూర్చున్నాడు. "నాకోసమా?" అన్నాడు. "మావయ్య నాకోసం బయల్దేరాడా?"

ఎలీసబెతు తోట మొదటికి నడిచింది. కల్లుపాకలోకి వెళ్లి కొబ్బరి బొండాలు కొట్టే కత్తి పట్టుకొచ్చింది. పాలిష్ మెరుస్తున్న టైరు ముందు నిలబడి కత్తి ఎత్తింది.

"అత్తా, ఆగు," అన్నాడు విల్సన్. "గాలి ఉండగా కొడితే పేలి మొహాన కొడుతుంది. ముందు గాలి తియ్యాలి."

అతని వేళ్లు పనిచేయలేదు. ఎలీసబెతు అతని పక్కన కూర్చుంది. ఎక్కడ నొక్కాలో అతను చెప్పాడు, ఆమె నొక్కింది. గాలి బుస్సుమంటూ పోయింది. టైరు మెత్తబడింది. అప్పుడామె కత్తి దింపింది. పగుళ్ల వెంట రబ్బరు ఎండు రొట్టెలా విచ్చుకుంది.

ఇద్దరూ రెండో టైరు దగ్గరికి జరిగారు. తర్వాత మూడో దాని దగ్గరికి.

చెవికి రుమాలు అదుముకుని శ్రీలేఖ చూస్తూ నిలబడింది. ఆమె వాళ్లని ఆపలేదు. నాలుగో టైరు దగ్గర మాత్రం ముందుకొచ్చింది.

"ఒక్కటి వదిలెయ్యమ్మా. కోర్టుకి కావాలి."