ఆరి వెలిగే కిటికీ

కొత్వాల్‌గూడ కాడ ఒక సందున్నది. ఆ సందు చివర్ల ఒక మేడ. కింద రెండు రూములు, మీద ఒక్కటే రూము, దానికి సందు దిక్కు ఒక కిటికీ. చీకటి పడ్డంక అటు పొమ్మంటే ఆటోవాళ్లు "ఇంకో బండి చూస్కో అన్నా" అంటరు. పాలోడు సుత బాగ తెల్లారినంకనే పోతడు.

ఎందుకంటే — ఆ మీది రూముల ఉండేటోడు సచ్చిపోయిండు. కాని రాత్రైతే ఆ కిటికీల నీలి వెలుగు వస్తది. జరసేపు ఉంటది… ఠక్కున పోతది. మల్ల వస్తది. మల్ల పోతది.

నేను దెయ్యాలను నమ్మేటోణ్ని కాదు. శంషాబాద్ బస్టాండ్ ఎన్క చాయ్ హోటల్ నాది. గోపయ్య హోటల్ అంటే ఎవ్వలన్న చూపిస్తరు. లోకంల ఉన్న అబద్ధాలన్ని నా బల్లల మీద కూసునే చెప్తరు. ఏర్‌పోర్టు గోడ మీద తెల్లచీర కూసున్నదని ఒకడు. బుద్వేల్ కాడ లిఫ్ట్ అడిగిన ముసలామె, ఎన్కకు తిరిగి చూస్తే లేదని ఇంకొకడు. "చాయ్ తాగి లెవ్వు బిడ్డా, నిలబడ్డోళ్లకు జాగియ్యి" అంట నేను.

కాని ఈ ముచ్చట కొండల్ చెప్పిండు. నా హోటల్ పక్కనే వానిది లాప్‌టాప్ రిపేర్ దుకాణం. కొండల్ అబద్ధమాడడు — ఆడే తెలివే ఉంటే వాని దుకాణం ఇంకెట్లనో ఉంటుండె.

సచ్చిపోయినాయన పేరు నరేందర్. కొత్తూరు దిక్కు ఏదో కంపెనీల నైట్ డ్యూటీ. ఒకనాడు పొద్దుగాల డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే బెంగళూరు రోడ్డు మీద లారీ తాకింది. దవాఖానకు తీస్కపోయే పని పడలే. ఇంట్ల తల్లి అమృతమ్మ, పెండ్లాం సంతోషి మిగిలిన్రు. పిల్లల్లేరు. ఆడోళ్లిద్దరు కింది రూములల్లనే పండుకుంటున్నరని అందరి లెక్క.

దినాలైన కొన్ని రోజులకే ఆ కిటికీ ముచ్చట మొదలైంది. ఇగ చూడు… ఫోన్లు పట్టుకొని పోరగాళ్లు తయారు. సందు మూలకు నక్కి నిలబడి, వెలుగు వచ్చుడు పోవుడు వీడియో తీసుడు, దానికో భయం పాట పెట్టుడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన బాపతు. నా హోటల్ల ఆ వీడియో పెట్టినోన్ని మెడవట్టి బయటికి దొబ్బిన నేను.

కొండల్ ఇల్లు ఆ సందు దాటినంకనే. వాడెప్పుడూ సుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీంచే పోతుండె. ఒకనాడు పెద్ద రోడ్డు మీద పైపుల కోసం తవ్విన్రు. వాన పడి ఆ గుంతలల్ల నీళ్లు నిండినయ్. ఇగ తప్పలే — సందుల బండి పెట్టిండు.

సందంతా చీకటి. మేడ కాడికి రాంగనే బురద. బండి దిగి తోస్తున్నడు. పైకి చూడొద్దు, చూడొద్దు అనుకున్నడు… చూసిండు.

నీలి వెలుగు.

నిలబడ్డ కాడనే నిలబడిపోయిండు. ఆ వెలుగు అట్లనే ఉన్నది… ఉన్నది… ఠక్కున ఆరింది.

జరసేపు ఏ సప్పుడు లేదు. అప్పుడు ఎన్కనుంచి — మెల్లగ —

"కొండలన్నా…"

వాడు తిరుగలే. రాత్రిపూట పేరు వెట్టి పిలిస్తే మూడోసారి దాక పలుకొద్దని వాళ్ల అవ్వ చెప్పిందట. దెయ్యం రెండుసార్లే పిలుస్తదట. నోరు గట్టిగ మూసుకున్నడు.

"కొండలన్నా… జర ఆగు."

వాని పై పాణాలు పైన్నే పోయినయ్. పేరెట్ల ఎరుక? పరుగెత్తుదామంటే బండి బురదల దిగబడ్డది.

"కొండలన్నా… లాప్‌టాప్‌లు బాగు చేసేది నువ్వే గదా?"

ఇది మూడోసారి. దెయ్యానికి రిపేర్‌తోని ఏం పని అనుకొని, గుండె చిక్కబట్టుకొని తిరిగిండు. గేటు అవతల ఒక ఆడమనిషి. నెత్తి మీద కొంగు, చేతుల తువ్వాలల చుట్టిన పలక లెక్కది ఏదో ఉన్నది. సంతోషి.

"బండి మీద నీ పేరు, దుకాణం పేరు రాసున్నయ్ గదన్నా. పగటిపూట పెద్ద రోడ్డు మీద చూసిన" అన్నది గుసగుసగ.

కొండల్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. "ఏందమ్మా గిట్ల! పాణం పోయేది నాది" అన్నడు.

ఆమె నవ్వలే. తువ్వాల మూట గేటు సందుల నుంచి ఇచ్చింది. "ఆయనదన్నా. సెకండ్ హ్యాండ్ల కొన్నడు. నిలబడ్తలేదు. వెలుగుతది, జరసేపటికి బంద్ అయితది. కొడుకు ఆత్మ దీంట్ల చిక్కిందంటున్నది మా అత్త. అమాస నాడు హిమాయత్‌సాగర్ల పారేస్తదట. బంద్ కాకుంట నిలబడ్తే పారెయ్యదు."

"కొత్తది కొనుక్కోరాదు చెల్లె? పాతదెంత చేసినా…"

"బట్టలు దినాలప్పుడే ఇచ్చేసిన్రు. ఫోన్ లారీ కింద పోయింది. బండి తుక్కైంది. ఇదొక్కటే ఉన్నది" అన్నది. కూరగాయలేమున్నయో చెప్పినట్టు చెప్పింది. "నీళ్లల్ల వెయ్యనియ్యకన్నా" అని లోపలికి పోయింది.

దాన్ని ఆ రాత్రి ఇంట్లకు తీస్కపోయే ధైర్యం వానికి లేకుండె. బండి డిక్కీల పెట్టి తాళమేసిండు. తెల్లారి దుకాణంల బల్ల మీద పెట్టిండు.

ఇగ మొదలైంది వాని పరేషాని. ఛార్జర్ మార్చిండు — జరసేపు నడిచింది, బంద్. బ్యాటరీ పోయిందేమో అనుకొని, ఇంకో పాత బ్యాటరీ మంచిగున్నది ఏసిండు — బంద్. ర్యామ్ తీసి రబ్బర్‌తోని రుద్ది మల్ల పెట్టిండు — బంద్. ఒక్కోసారి ఎక్కువసేపు, ఒక్కోసారి తక్కువసేపు. ఇదీ కారణమని చెప్పేటట్టు లేదు.

పొద్దుగూకినంక నేను చాయ్ తీస్కపోయిన. షట్టర్ సగం దించున్నది. లోపల వీడు ఒక్కడే, ముంగట ఆ నీలి వెలుగు. తెర మీద ఒకాయన ఫోటో — బండి మీద కూసొని నవ్వుతున్నడు.

"ఎవడ్రా?" అన్న.

"నరేందర్" అన్నడు గుసగుసగ.

నేను వంగి ముఖం చూస్తున్న… చూస్తుండంగనే ఠక్కున ఆరింది. నా ముఖం మీదనే.

నేను నమ్మేటోణ్ని కాదని చెప్పిన గదా. చాయ్ మాత్రం సగం ఒలికింది.

"గోపన్నా, నాతోని కాదు. ఇచ్చేస్త" అన్నడు కొండల్. ఇచ్చేద్దామని చేతులకు తీసుకున్నడు… మల్ల బల్ల మీద పడేసిండు. అడుగుభాగం పెనం లెక్క కాలుతున్నది.

"ఓర్నీ! దీనికి జ్వరమొచ్చిందే" అన్నడు. అప్పుడు వాని ముఖంల భయం పోయి పని పడ్డది. స్క్రూలు తీసిండు. మూత లేపిండు. లోపల గాలి కొట్టే చిన్న పంక ఉంటది చూడు — అది తిరుగుతలేదు. పసుపు నలుపు కలిసిన జిగురు, దాని మీద బూడిద, దాని మీద దుమ్ము. గాలి వచ్చే పోయే బొక్కలన్ని మూసుకపోయినయ్.

"వాసన చూడన్నా" అని నా ముక్కు కాడ పెట్టిండు.

సాంబ్రాణి! గుప్పున కొట్టింది. గుళ్లె నిలబడ్డట్టే ఉన్నది.

"పంక తిరగకపోతే లోపల వేడైతది. కాలిపోతనేమో అని అదే బంద్ చేసుకుంటది. గంతే" అన్నడు కొండల్. నేను నవ్విన నవ్వుకు బస్టాండ్ల కుక్కలు మొరిగినయ్. ఆత్మ లేదు, గీత్మ లేదు.

రాత్రంత కూసొని కడిగిండు, తుడిచిండు, పంక మార్చిండు. తెల్లందాక నడిపిచ్చి చూసిండు. నిలబడ్డది.

ఆ సాయంత్రమే తీస్కపోయిండు. అమృతమ్మ బయటికొచ్చింది, ఎన్కనే సంతోషి. కొండల్ మెల్లగ అడిగిండు — "పెద్దమ్మా, దీని కాడ సాంబ్రాణి ఏస్తున్నరా?"

"దినాం ఏస్త బిడ్డా" అన్నదామె. "వెలిగినప్పుడే గదా వాడు లోపలుండేది. గప్పుడే ధూపం పట్టాలె. ఈ బొక్కల కాడ పెడ్తే లోపలికి గుంజుకుంటుండె. వాడే గుంజుకుంటున్నడనుకున్న…"

ఏమంటం? మొదట్ల ఏదో ఒకసారి పాతది కాబట్టి ఆగింది. ఆగిందని ఈమె ధూపం వేసింది. ధూపం వేసిన కొద్ది ఎక్కువ ఆగింది, ఆగిన కొద్ది ఎక్కువ వేసింది. తల్లి పాణం, ఆమెను అనేదేముంది.

కొండల్ దాన్ని వెలిగిచ్చి అరుగు మీద పెట్టిండు. ముగ్గురు కూసొని చూసిన్రు. చీకటి పడ్డది. దీపాలు పెట్టే యాళ్ల దాటింది. ఆ తెర మీద నరేందర్ నవ్వుకుంట అట్లనే ఉన్నడు, ఆరలే.

అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. "పోయిండు. నా బిడ్డ ఇడుదల దొరికి మంచిగ పోయిండు" అన్నది. ఇగ పారేసే పనిలేదు, ఉండనీ అన్నది.

సంతోషి ఏడ్వలే. "ఇగ బంద్ కాదా అన్నా?" అని మాత్రం అడిగింది.

"కాదు చెల్లె. తెల్లందాక పెట్టినా నడుస్తది."

"మంచిది" అన్నది. తువ్వాలల చుట్టుకొని మీదికి పోయింది.

మరునాడు నా హోటల్ల అందరికి చాటింపేసిన నేను. అరేయ్, దెయ్యం కాదు ఏం కాదు, సాంబ్రాణి మసి, పోండి ఇండ్లకు అన్న. పోరగాళ్లు మూతులు ముడుచుకున్నరు. ఆటోవాళ్లు మాత్రం నమ్మలే, ఇప్పటికీ అటు పోరు. ముచ్చట ఇక్కడికి ఒడిసింది అనుకున్న.

మొన్న కొండల్ వచ్చి మూలకు కూసున్నడు. చాయ్ పెడ్తే ముట్టలే. మీగడ కట్టింది. "ఏమైందిరా?" అన్న. మెల్లమెల్లగ చెప్పిండు.

ఇప్పుడు భయం లేదు గదా, రోజూ ఆ సందులనుంచే పోతున్నడట. రోజూ కిటికీల వెలుగు ఉంటున్నదట — ఆరుడు లేదు, నిలకడగ. నా పని గట్టిదే అని లోపల్లోపల మురుస్తున్నడట. ముందురోజు రాత్రి గేటు దాటుతుంటే —

"కొండలన్నా…"

మొదటిసారికే పలికిండు.

సంతోషి గేటు కాడ నిలబడున్నది. లాప్‌టాప్ తెరిచి చేతులల్ల పట్టుకున్నది. ఆ వెలుగు ఆమె ముఖం మీద పడ్తున్నది.

"ఏమైంది చెల్లె? మల్ల బంద్ అయితున్నదా?"

"అయితలేదన్నా."

"మరింకేంది?"

"మల్ల ఎన్కటి లెక్క చెయ్యి."

వానికి సమజ్ కాలే. ఆమెనే చెప్పింది, గుసగుసగ, ఒక్క తీరుగ —

"రాత్రి దీని ముంగట కూసుంటుంటి. దినమంత ఏమైందో చెప్తుంటి. నల్లా వచ్చిందా లేదా, అత్త బువ్వ తిన్నదా లేదా… గవే. చెప్పుడైనంక 'ఇగ చాలు, బంద్ చెయ్యి, పండుకో' అంటుంటి. జరసేపటికి బంద్ చేస్తుండె. నిద్ర పట్టకపోతే మల్ల పెడ్తుంటి, మల్ల చెప్తుంటి. మల్ల బంద్ చేస్తుండె."

కొండల్ బండికి స్టాండ్ ఏసిండు.

"బతికున్నప్పుడు ఒక్కనాడు చెయ్యలేదన్నా. డ్యూటీ లేని రాత్రి మ్యాచులో, ఏవో సినిమాలో. బంద్ చెయ్యి అంటే 'ఆగవే' అంటుండె. నేను పండుకునేదాన్ని, ఆయన దీని ముంగటనే. లొల్లి పెట్టుకున్న, అలిగిన, మా అమ్మగారింటికి పోయిన. ఇనలే. సచ్చినంక ఇంటుండె నా మాట."

"చెల్లె… అది ఆయన కాదు. పంక ఆగిపోయి…"

"ఎరుకన్నా. నువ్వు చెప్పిన్నాడే ఎరుకైంది. ఖరాబైందని నీకియ్యలే నేను. నీళ్లల్ల వేస్తరని ఇచ్చిన."

అప్పుడు కూడా ఆమె ఏడ్వలేదట. వంగి, ఆ తెరకు ముఖం దగ్గర పెట్టి, నిద్రపొయ్యే మనిషి చెవుల చెప్పినట్టు అన్నదట — "ఇగ చాలు… బంద్ చెయ్యి… పండుకో."

ఇద్దరు నిలబడి చూస్తున్నరు. మీదినుంచి ఒక విమానం కిందికి దిగుకుంట పోయింది, దాని మోతకు గేటు అదిరింది. మోత ఆగింది. సందుల మల్ల ఏ సప్పుడు లేదు.

"గోపన్నా" అన్నడు కొండల్, చల్లారిన చాయ్ దిక్కు చూసుకుంట. "ఆ సందు తలుసుకుంటే సాలు, దెయ్యం ఉండొద్దని మొక్కేటోణ్ని. ఆ రాత్రి ఉల్టా మొక్కిన. ఉండనీ దేవుడా, ఒక్కసారన్న ఉండనీ అని మొక్కిన."

"మరి?" అన్న.

"బంద్ కాలే" అన్నడు. "శానాసేపు చూసినం. ఆఖరికి ఆమెనే మూసింది."