స్టాక్ లేని సకినాలు

కరీంనగర్ ముకరంపురలో మెడికల్ షాపు పైన ఉన్న ఆ చిన్న ఆఫీసులోకి కోమల అడుగు పెట్టేసరికి పొద్దుటి ఎండ అప్పుడే కిటికీలోకి దిగుతోంది. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని, "మేడం, మా దుకాణం బతికే ఉన్నది. కని లోకానికి సచ్చిపోయినట్టు కనవడుతున్నది" అన్నది.

డిటెక్టివ్ రచన లేచి ఆమెను కూర్చోబెట్టింది. రచన పెద్దపల్లి దగ్గర భూములున్న కుటుంబంలో పుట్టి, లా చదివి, కోర్టు వాదనల కన్నా మనుషుల మధ్య తిరిగి నిజం రాబట్టడమే నచ్చి ఈ వృత్తిలోకి వచ్చింది. ఆమె అసిస్టెంట్ అరుణ్‌కుమార్ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. రచన దేనివైపు రెండోసారి చూస్తే అందులో ఏదో ఉందని అతని నమ్మకం.

కోమలది హుజూరాబాద్. తల్లి రామవ్వ చేతి సకినాలతోనే దుకాణానికి పేరొచ్చింది. పెండ్లిళ్లకు వాటినే పంచుతారు, గల్ఫ్‌కు పోయేవాళ్లు పెట్టెల్లో సర్దుకునేదీ వాటినే. వెబ్‌సైట్ పెట్టాక ఊరూపేరూ తెలియనివాళ్లు కూడా ఆర్డర్లు ఇస్తున్నారు. నెట్‌లో వెతికితే చాలు, పేజీ తెరవకముందే సకినాల ఫొటో, ధర, స్టార్లు, కింద 'స్టాక్ ఉంది' అన్న మాట కనిపించేవి. ఇప్పుడు ఆ చోట 'స్టాక్ లేదు' అని వస్తోంది. పేజీ తెరిస్తే మాత్రం అంతా మామూలుగానే ఉంది. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు సదానందం ఫోన్ చేసి, సకినాలు చేయడం ఆపేశారా అని అడిగేదాకా ఆమెకు ఈ సంగతే తెలియదు. పెండ్లిళ్ల సీజన్లో ఫోన్లు ఎందుకు మోగడం లేదో అప్పుడు అర్థమైంది.

ఇది మల్లేష్ పనేనని కోమల అనుమానం. దుకాణంలో పనిచేసినప్పుడు వెబ్‌సైట్ తయారుచేసింది అతనే. నిరుడు ఆమెతో గొడవపడి వెళ్లిపోయి, సుల్తానాబాద్‌లో సొంతంగా పిండివంటల దుకాణం పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు, ఆమె మార్చనూ లేదు. అతను కాకుండా ఆ పాస్‌వర్డ్ తెలిసింది సదానందానికి, ఇక్కడ అత్త దగ్గరే ఉండే అతని భార్య నవతకు. మల్లేషే తమ పొట్ట కొట్టాడని కోమల బజారులో అప్పటికే నలుగురికీ చెప్పేసింది. రేపు పోలీసు స్టేషన్‌కు పోతానంది.

రచన ఒక్క రోజు ఆగమని కోరింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, వెబ్ పేజీలను పరీక్షించే ఒక సాధనంలో దుకాణం అడ్రసు వేసింది. అరుణ్‌కుమార్ ఆమె భుజం మీదుగా చూశాడు. మనం చదివే పేజీ వెనుక సెర్చ్ ఇంజిన్ కోసం విడిగా రాసిపెట్టే సమాచారం ఉంటుందని, దాన్ని స్ట్రక్చర్డ్ డేటా అంటారని ఆమె కోమలకు విడమరిచి చెప్పింది. వస్తువు పేరు, ధర, స్టార్లు, సరుకు ఉందో లేదో అందులోనే రాసి ఉంటుంది. సెర్చ్‌లో కనిపించేది చాలావరకు అక్కడినుంచి తీసుకున్నదే. పేజీని ముట్టుకోకుండా ఎవరో దాన్నొక్కదాన్నే మార్చారు.

ఆ సాధనం తెర మీద ఒక్క తప్పు కూడా చూపించలేదు. అరిసెలు ఉన్నాయి, మురుకులు ఉన్నాయి, గరిజెలు ఉన్నాయి. సకినాలకు మాత్రమే 'స్టాక్ లేదు' అని రాసి ఉంది. స్టార్లను ఎవరూ కదిలించలేదు. సకినాల కింద ఇంకో వరుస ఉంది. ఉగాది తర్వాత మళ్లీ దొరుకుతాయని తేదీతో సహా రాసి ఉంది. రచన ఆ వరుసను రెండోసారి చదివింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ హుజూరాబాద్ చేరారు. దుకాణం ముందు గదిలో గల్లా దగ్గర కోమల కూర్చుంటుంది, వెనుక గదిలో వంట. రామవ్వ చాప మీద కూర్చునే వచ్చినవాళ్లను పలకరించింది. కుడి చెయ్యి కొంగు కింద ఉంది. కోడలు నవత అందించిన చాయ్ గ్లాసును ఎడమ చేత్తో పట్టుకుంది. సకినాలు పొద్దున్నే, తాను రాకముందే అవ్వ చుట్టేస్తుందని, ఆమె చుట్టేటప్పుడు చూసి చాలా రోజులైందని కోమల మాటల మధ్యలో చెప్పింది.

నవత ప్లేటు నిండా సకినాలు తెచ్చి పెట్టింది. అరుణ్‌కుమార్ మూడు తినేశాడు. రచన రెండు చేతిలోకి తీసుకుని పక్కపక్కనే పెట్టి చూసి, ఒకటి కొరికి, రుచి బాగుందంది. పాత పొట్లం ఏదైనా మిగిలి ఉందా అని అడిగి, దాన్నీ విప్పి చూసింది. తర్వాత వెబ్‌సైట్ ఎవరు చూసుకుంటారని అడిగితే, ధరలు తానే మారుస్తానని చెప్పి నవత తన ఫోను ఇచ్చింది. ఆ ఫోనుకు నీలగిరి తైలం వాసన అంటుకుని ఉంది.

రేపు మల్లేష్ మీద కంప్లెయింట్ ఇస్తానని కోమల మళ్లీ ఎత్తుకోగానే నవత ముఖం తెల్లబోయింది. "గాయనే చేసిండని ఎట్ల అంటం వదినె? జర ఆగుదాం" అని, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి రచన, అరుణ్‌కుమార్ సుల్తానాబాద్‌లో ఉన్నారు. మల్లేష్ దుకాణం చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. అద్దాల వెనుక మిక్చరు, మురుకులు, చెగోడీలు. సకినాలు లేవు. గొడవ ఎందుకొచ్చిందో అతనే చెప్పాడు. పెద్దవ్వకు వయసు మీద పడుతోంది, ఇంకో ఇద్దరికి పని నేర్పుదామని తానన్నాడు. అవ్వ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే దుకాణం పేరు పోతుందని కోమల ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది.

"అక్కకు కోపముంటే నన్ను తిట్టుమనుండ్రి మేడం, పడ్త. నా దగ్గర సకినాలడిగితే హుజూరాబాద్ పొమ్మంట. అసొంటోన్ని పెద్దవ్వ సకినాలు లేవని రాస్తనా?"

బజారులో పుట్టిన మాట అప్పటికే సుల్తానాబాద్ చేరింది. పొద్దున ఒక పాత గిరాకీ తన ముఖం కూడా చూడకుండా దుకాణం దాటి పోయాడని చెబుతూ అతను తల దించుకున్నాడు. రచన అతన్ని మర్నాడు హుజూరాబాద్ రమ్మంది.

తిరుగు దారిలో అరుణ్‌కుమార్ తన లెక్క చెప్పాడు. సదానందమే ముందు ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి అతను కాదు. మల్లేష్‌కు లాభం లేదు. మరి మిగిలింది నవతే కదా, సొంత ఇంటికే ఎందుకు నష్టం చేసుకుంటుంది? రచన, నష్టం చేసిందని ఎందుకనుకుంటున్నావని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున వెనుక గదిలో అందరూ చేరారు. మల్లేష్ గడప దగ్గరే నిలబడ్డాడు. కోమల అతని వైపు చూడలేదు. రచన పీట లాక్కుని రామవ్వకు ఎదురుగా కూర్చుంది.

పగతో చేసేవాళ్లు ముందు స్టార్ల మీద పడతారని, లేదంటే మొత్తం సరుకునూ లేదని రాస్తారని ఆమె మొదలుపెట్టింది. ఇక్కడ స్టార్లు అలాగే ఉన్నాయి. అచ్చులో వేసి ఒత్తేవి, అచ్చులో పెట్టి మడిచేవి, చేత్తో తట్టేవి అన్నీ ఉన్నాయి. పిండిని వేళ్లతో మెలిపెట్టి చుట్టే సకినాలొక్కటే లేవు. పైగా ఉగాది తర్వాత దొరుకుతాయని తేదీ వేశారు. దుకాణం మూతపడాలని కోరుకునేవాళ్లు మళ్లీ తెరిచే రోజు రాయరు. కోమల రోజూ చూసుకునే పేజీని ముట్టుకోలేదంటే, ఆమెకు తెలియకూడదనుకున్నారు.

"నిన్న ప్లేట్ల రెండు రకాల సకినాలున్నయి" అంది రచన. "పాత పొట్లంలవి అన్నీ ఒక దిక్కు తిరిగినయి. ప్లేట్ల కొన్ని అట్లనే ఉన్నయి, కొన్ని ఎదురు దిక్కు తిరిగినయి. చుట్టే చెయ్యి మారితే చుట్టు మారుతది. అవ్వా, కుడి చెయ్యి చూపిస్తవా?"

రామవ్వ కొంగు తీసింది. మణికట్టు వాచి ఉంది. బొటనవేలు, చూపుడువేలు మడత పడటం లేదు.

నవత ఏడుస్తూ చెప్పింది. రోజూ తైలం రాస్తున్నది తనే. నెలా రెండు నెలలు చెయ్యి కదపకుండా ఉంచితే తగ్గుతుందని, లేకపోతే ఆ వేళ్లు ఇక మడత పడవని డాక్టరు చెప్పాడు. రామవ్వ వినలేదు. ఎడమ చేత్తో మొదలుపెట్టి, ఆర్డర్లు ఎక్కువైన రోజు మళ్లీ కుడి చెయ్యి కలిపేది. కోమలకు చెప్పవద్దని కోడలితో ఒట్టు వేయించుకుంది.

"నోటితోని ఎవ్వలికి చెప్పనని ఒట్టు పెట్టిన వదినె. అందుకే సెర్చ్‌ల పెట్టిన. ఆర్డర్లు తగ్గితే అత్తమ్మ చెయ్యి ఆగుతదనుకున్న. తప్పులేమన్న ఉన్నయా అని టెస్టు గూడ చేసి చూసిన. మల్లేషన్న పేరు వస్తదని అనుకోలే. నిన్నటి సంది ఒట్టు తియ్యమని అత్తమ్మను బతిమాలుతున్న."

కోమల వచ్చి తల్లి ముందు కూర్చుంది. తనకెందుకు చెప్పలేదని అడిగింది. గొంతులో కోపం లేదు.

రామవ్వ వాచిన చేతినే చూసుకుంటూ, "గీ చెయ్యి ఆగితే దుకాణం ఆగుతదంటివి గద బిడ్డా. మల్లేష్‌తోని నువ్వు అన్నది నేను ఇన్న. నీ దుకాణం నా చెయ్యి వల్ల పోవద్దనుకున్న" అంది.

కోమల ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత లేచి గడప దగ్గరికి వెళ్లింది. మల్లేష్‌ను లోపలికి రమ్మనలేదు. అతని చెయ్యి పట్టుకుని బయటికి, బజారులోకి నడిపించుకుపోయింది. తాను ఎవరెవరి ముందు అతన్ని నిందించిందో ఆ కిరాణా కొట్టు దగ్గర, ఆ బట్టల షాపు దగ్గర నిలబడి, తప్పు తనదని ఒక్కొక్కరికీ చెప్పింది. మల్లేష్ మొహమాటంతో చాలక్కా, చాలక్కా అంటూనే ఉన్నాడు.

రచన, అరుణ్‌కుమార్ మళ్లీ హుజూరాబాద్ వెళ్లింది ఉగాది దాటాక, కోమల పిలిస్తే. సెర్చ్‌లో ఇప్పుడు 'ముందుగా ఆర్డర్ ఇవ్వాలి' అని కనిపిస్తోంది. నవత పేజీలోనూ అదే రాసింది. ఇంత అని లెక్క పెట్టుకుని అంతకే ఆర్డర్లు తీసుకుంటున్నారు, అయినా ఎవరూ వెనక్కి పోవడం లేదు. రామవ్వ వేళ్లు మెల్లగా వంగుతున్నాయి. ఆమె చాప మీద నిండుగా కూర్చుని ఉంది. ఎదురుగా తెల్ల గుడ్డ పరిచి ఐలవ్వ అనే పక్కింటామె, వారానికి రెండు రోజులు వచ్చే మల్లేష్, మోచేతుల దాకా పిండి పూసుకున్న కోమల సకినాలు చుడుతున్నారు.

ఈ కేసును నేరం కింద రాయాలా, ఇంకేమైనా అనాలా అని అరుణ్‌కుమార్ మెల్లగా అడిగాడు. చూడమన్నట్టు రచన కళ్లతోనే సైగ చేసింది.

కోమల చుట్టిన సకినాలు అప్పటికే చాలా విరిగి పక్కన పడి ఉన్నాయి. ఇంకోటి మొదలుపెట్టింది. పిండి తెగకుండా ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, మూడోది వచ్చి కొసకు అతుక్కుంది. ఆమె తల్లి వైపు చూసింది. రామవ్వ వంగి దాన్ని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసింది.

"నూనెల వెయ్యి" అంది.